నానబెట్టిన పళ్ళు

పెళ్ళివారి కేకు తిరిగొచ్చింది. ఒకే ఒక్క ముక్క కోసి వదిలేశారు. తెచ్చినతను పెళ్ళికూతురికి బాబాయి అవుతాడట, అట్టపెట్టె కౌంటరు మీద పెట్టి, "ఇది మీరే తినండమ్మా," అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. నాలుగు తిట్టి వెళ్ళినా బాగుండేది. రొట్టెల కోసం నిలబడ్డ అయిదారుగురూ మెడలు చాచి పెట్టెలోకి చూశారు.

బేకరీ యజమానురాలు పెట్టె తీసుకుని వెనక గదిలోకి వెళ్ళింది. పైన చక్కెర పూలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఆ పూల కోసం వంగి కూచుని కూచుని ఆమెకి నడుం పట్టేసింది. కత్తి దిగిన చోట ముక్కు పెట్టి చూస్తే పుల్లటి వాసన. ఒక ఎండుద్రాక్షని గిల్లి తీసి వేళ్ళ మధ్య నొక్కింది. రమ్ములో నానిన ద్రాక్ష నొక్కితే సాగుతుంది, వేలికి జిగురు అంటుతుంది. ఇది చితికి నీరు కారింది.

పెళ్ళి కేకుల్లోకి పళ్ళు ఆ కొట్లో నెలల ముందే నానబెడతారు. ఎండుద్రాక్ష, చెర్రీలు, నారింజ తొక్క సన్నగా తరిగి పింగాణీ జాడీల్లో వేసి, మునిగేదాకా రమ్ము పోసి, వారానికోసారి కొయ్య గరిటెతో కిందిది పైకి తిప్పుతారు. రమ్ములో ఉన్నన్నాళ్ళూ పండు చెడదు. నీళ్ళు తగిలాయా, పులిసి కూచుంటుంది. ఆమె జాడీల బీరువా తెరిచి మొదటి మూత తీసింది. పైన నురగ. రంగు మాత్రం సరిగ్గానే ఉంది. వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. చక్కెర వేసిన టీ డికాషన్! రెండో జాడీ అంతే. మూడోదీ అంతే.

ఆ కొట్లో ఉండేది నలుగురు. ఆమె; కొడుకు పోయిన తరవాత కూడా గల్లాపెట్టె దగ్గర్నించి లేవని అత్తగారు; పరీక్షలు రాసేసి సెలవుల్లో సాయానికొస్తున్న పదహారేళ్ళ కూతురు; పొయ్యి దగ్గర మనిషి. ఆ మనిషి ఒకప్పుడు బాగా తాగేవాడని వీధి వీధంతా ఎరిగిందే. మానేసి ఏళ్ళయింది. అయితేనేం, ఇంకెవరు తాగుతారు? ముసలావిడ తాగుతుందా? ఆమె అంతకు మించి ఆలోచించలేదు.

ఆలోచిస్తే గుర్తొచ్చేదే. జాడీల మూత తీసే రోజు అతను తెడ్డు పక్కన పెట్టి పెరటి మెట్టు మీదకి వెళ్ళి నిలబడేవాడు, ఆ వాసన పీల్చనని. "అన్నయ్యా, మూత పెట్టేశాను, రా," అని లోపలికి పిలిచేది ఈవిడే. వారం వారం తన నోటితో పిలిచిన మాట ఆ రోజు గుర్తు రాకపోయింది. ఏం చెప్పాలి!

అతను పొయ్యిలోంచి రొట్టెలు లాగుతున్నాడు. పొడుగు తెడ్డు లోపలికి తోసి, చివర చిన్న విసురు విసిరి, రెండేసి రొట్టెలు ఒకేసారి పట్టుకొచ్చి చెక్క మీద వాలుస్తున్నాడు. పక్క బల్ల దగ్గర కూతురు రేకు డబ్బాలకి వెన్న రాస్తోంది. కొట్టుకీ వంటగదికీ మధ్య తలుపు బార్లా తెరిచే ఉంది.

"ఎన్నాళ్ళ నించి అన్నయ్యా?"

"ఏది చెల్లెమ్మా?"

"తాగి తాగి డికాషన్ పోసి మూతలు పెట్టడం. నన్నడిగితే నేనే ఇచ్చేదాన్ని కదా. పెళ్ళివారి ముందు నా పరువెందుకు తీశావు?"

అతను తెడ్డు ఆపి ఆమె వంక చూశాడు. తరవాత బల్ల వైపు చూశాడు. కౌంటరు దగ్గర్నించి అత్తగారు గొంతెత్తింది. "నేను అప్పుడే చెప్పాను, విన్నావా? తాగినోడు మానేశాడంటే నమ్మేదాన్ని నిన్నే చూశాను. అడుగు, ఇంకా ఏమేం తాగాడో అడుగు!" రొట్టెల కోసం వచ్చినవాళ్ళు చిల్లర చేతిలో పెట్టుకుని చోద్యం చూస్తున్నారు.

"నేను ముట్టుకోలేదు చెల్లెమ్మా," అన్నాడతను. అంతే అన్నాడు. అని మళ్ళీ తెడ్డు లోపలికి తోశాడు. పొయ్యిలో ఉన్నవన్నీ తీసేదాకా తీశాడు. ఒక్కొక్కటీ అడుగున వేలితో కొట్టి చప్పుడు విని, అలమరలో వరసగా పేర్చాడు. ఎప్పుడూ లేనంత నిదానంగా పేర్చాడు. ఆ నిదానం చూసి ఆమెకి ఇంకా ఒళ్ళు మండింది. అతను ఏప్రన్ విప్పి, మడిచి, పిండి బస్తా మీద పెట్టి, పెరటి దారిన కాకుండా కొట్లోంచే, అందరి మధ్యనించే వెళ్ళిపోయాడు. కూతురు మాత్రం రాసిన డబ్బాకే మళ్ళీ మళ్ళీ వెన్న రాస్తోంది.

ఆ సాయంత్రం బీరువాకి తాళం వేయించారు. కొత్తగా పళ్ళు తరిగి, కొత్త రమ్ము పోసి, తాళంచెవి ఎవరి దగ్గరుండాలన్న మాట వచ్చినప్పుడు తల్లి క్షణం తడుముకోలేదు. "బొంగరం దగ్గర ఉండనీ. ఇంటి పిల్ల. మనకి భయం ఉండదు." కూతుర్ని చిన్నప్పటినించీ అందరూ బొంగరమనే పిలుస్తారు. బల్ల చుట్టూ గిరగిరా తిరుగుతుంటే పొయ్యి మనిషి పెట్టిన పేరు. అత్తగారు కూడా, "ఇప్పటికి బుద్ధొచ్చింది నీకు," అని మెచ్చుకుంది. పిల్ల తాళంచెవికి దారం కట్టి మెళ్ళో వేసుకుంది.

*

పొయ్యి మనిషి లేకపోతే ఏమవుతుందో మర్నాటికే తెలిసొచ్చింది. రొట్టెలు ఒక పక్క మాడాయి, ఒక పక్క పచ్చిగా దిగాయి. తల్లికి తెడ్డు తిప్పడం రాక మోచేతులు వాచాయి. బన్నుల రేకులు తియ్యడం కూతురికి అప్పగించింది. పిల్ల చురుగ్గానే ఉంది. మధ్యాహ్నాలు మరీ చురుగ్గా ఉంది. బన్నులకి పేర్లు పెడుతోంది, "నానమ్మా, ఇది చూడు, అచ్చం నీ ముక్కు," అని నవ్వుతోంది. అన్నయ్య వెళ్ళిపోయిన దిగులు పిల్లకైనా లేదు కదా అనుకుంది తల్లి. ఎంత పిచ్చిది!

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం. కొట్లో రద్దీ తగ్గింది, అత్తగారు కుర్చీలోనే కునుకు తీస్తోంది. బొంగరం పొయ్యి తలుపు తెరిచి రేకు బయటికి లాగింది. గుడ్డ ఒక్క చేతికే ఉంది. రెండో చెయ్యి వట్టిది. వట్టి చేత్తో రేకు అంచు పట్టుకుని, బల్ల దాకా తాపీగా నడిచొచ్చి, పెట్టింది.

"చెయ్యే! చెయ్యి కాలుతోందే!" అని అరిచింది తల్లి.

"అవునా," అని పిల్ల అరచెయ్యి తిప్పి చూసుకుంది. చర్మం తెల్లగా లేచిపోయి ఉంది. చూసుకుని నవ్వింది.

తల్లి ఆ చెయ్యి కుళాయి కింద పెట్టి, పిల్ల మొహంలో మొహం పెట్టింది. లవంగాల వాసన. పంటి నొప్పి అని ఎన్నాళ్ళ నించో లవంగాలు నములుతోంది. ఏ పన్నో చూపించమంటే చూపించదు, పళ్ళ డాక్టరు దగ్గరికి రమ్మంటే రాదు. లవంగాల కింద ఇంకో వాసన ఉంది. జాడీల మూత తీసినప్పుడు గుప్పుమనే వాసన.

అప్పుడామె చేసిన మొట్టమొదటి పని, వెళ్ళి కొట్టుకీ వంటగదికీ మధ్య తలుపు మూయడం. ఆ రోజు బార్లా తెరిచి ఉంచిన తలుపే. మూసి వచ్చి పిల్లని చాచి ఒక్కటి కొట్టింది.

"ఎవరు నేర్పారే నీకు? ఎవరు?"

"ఎవరూ లేదమ్మా." చెంప ఎర్రబడింది గాని పిల్ల కళ్ళలో నీళ్ళు తిరగలేదు. "నువ్వే పెట్టేదానివి కదా. చిన్నప్పుడు. పండు నానిందో లేదో చూడమని."

నిజమే. ఈవిడకి రమ్ము పొడ గిట్టదు. పిల్లల నోరు శుభ్రంగా ఉంటుంది, రుచి బాగా తెలుస్తుందని ప్రతి జాడీలోంచీ ఒక ద్రాక్ష తీసి పిల్ల నోట్లో పెట్టేది. పిల్ల కళ్ళు మూసుకుని, చప్పరించి, "ఇంకా నానాలి," అని పెద్దమనిషిలా చెబితే అందరూ పడీ పడీ నవ్వేవాళ్ళు. అత్తగారు వచ్చినవాళ్ళకల్లా పిలిచి చెప్పేది. ఈ సెలవుల్లో జాడీలు తిప్పే పనీ, కేకులోకి పళ్ళు తీసే పనీ కూడా పిల్లకే వదిలేసింది తల్లి. తప్పని ఎవరికి తడుతుంది?

"ఎందుకే తల్లీ? ఏం కష్టం వచ్చింది నీకు? నాన్న గుర్తొస్తున్నాడా? పరీక్షలు పోయాయా? ఎవరైనా ఏమన్నా అన్నారా?"

"ఏం లేదమ్మా. నువ్వు ఊరికే వెతక్కు. బాగుంటుంది, అందుకే. అంతే."

ఏదో ఒక కష్టం చెప్పినా ఆమె ఊపిరి పీల్చుకునేది. పట్టుకోవడానికి ఒక కొస దొరికేది. ఈ పిల్లకి ఏ కష్టమూ లేదట! ఆమె పిల్ల కాలిన చేతికి వెన్న రాసి గుడ్డ చుట్టింది. చుడుతూ చుడుతూ ఏడ్చింది.

"మానేస్తాలే, ఏడవకు. కావాలంటే ఇవాళే మానేస్తా," అంది బొంగరం. "అదేమన్నా పెద్ద పనా?"

"నా మీద ఒట్టు వెయ్."

వేసింది. కట్టు కట్టిన చేత్తోనే తల్లి నెత్తి మీద చెయ్యి పెట్టి వేసింది. తల్లి ఆ దారం తెంపి తాళంచెవి తీసుకుంది. తీసుకున్నాక గాని ఆమెకి ఏప్రన్ మడిచిపెట్టి వెళ్ళిన మనిషి గుర్తు రాలేదు. గుర్తొచ్చాక ఆ రోజంతా ఆమె చేతిలో పని సాగలేదు. వెళ్ళాలి, కాళ్ళ మీద పడాలి అనుకుంది. అయితే వెళ్ళి ఏం చెప్పాలి? నువ్వు కాదు అని చెబితే, మరెవరు అని ఊరు అడగదా? ఆడపిల్ల. రేపు నలుగురిలో తిరగాల్సిన పిల్ల. కొన్నాళ్ళు పోనీ, పిల్ల కుదుటపడనీ, అప్పుడు చూద్దాం అనుకుంది. అలా అనుకుని అన్నయ్యని వాయిదా వేసింది.

మర్నాడు తెల్లారాక జాడీలన్నీ పెరట్లోకి మోసుకెళ్ళి తూములో గుమ్మరించింది. కొత్తగా కోసిన పళ్ళు కుప్పగా తూము మూతికి అడ్డం పడితే చీపురు పుల్లలతో కెలికి కెలికి తోసింది. బొంగరం పెరటి మెట్టు మీద కూచుని చూస్తోంది. "పళ్ళేం చేశాయమ్మా పాపం," అంది.

"నువ్వు మాట్లాడకు."

"ఇక్కడ పారబోస్తే బయట దొరకదా?"

"దొరికితే తాగుతావా? ఒట్టేసి?"

"తాగనన్నాగా. ఊరికే అడిగాను."

అత్తగారు లోపల్నించి, "మొన్న పోసినవి అప్పుడే పులిశాయా? ఆ బీరువాలో ఏదో ఉంది, తలుపు మార్పించు," అని కేకేసింది. పులిశాయనే చెప్పింది కోడలు.

ఆ రోజంతా కూతుర్ని కళ్ళ ముందు నించి కదలనివ్వలేదు. పిండి కలిపించింది, క్రీము గిలకొట్టించింది. పిల్ల పన్నెత్తి మాట్లాడకుండా చేసింది. ఒంటి నిండా కేకు వాసన, తీయని వెనిలా వాసన. లవంగాలు కూడా లేవు. ఆ వాసన పీల్చి తల్లి, నా పిల్ల నాకు దొరికింది అనుకుంది. సాయంత్రం స్పాంజి కేకులకి ఎసెన్సు కావలసి సీసా ఎత్తితే ఖాళీ. కొత్త సీసా తీద్దామని అలమర చూస్తే అదీ ఖాళీ. పిండి బస్తాల వెనక చెయ్యి పెడితే ఇంకో రెండు. ఎసెన్సులో ఉండేదీ ఆల్కహాలేనని కేకులు చేసే మనిషికి తెలియదా! తెలుసు. సన్న చుక్కలుగా లెక్కపెట్టి వేసే దాన్ని ఎవరైనా గుటకేస్తారని మాత్రం తెలియదు.

బొంగరం గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుని ఉంది. తల్లి సీసాలు పట్టుకుని ఎదురుగా నిలబడింది. కొట్టడానికి చెయ్యి రాలేదు. ఉన్నట్టుండి కిందికి జారి, నేలంతా పిండి, ఆ పిండిలోనే కూలబడి కూతురి రెండు కాళ్ళూ పట్టుకుంది.

"నీ కాళ్ళు పట్టుకుంటానే. నాకింకెవరూ లేరే. నన్ను చంపెయ్, ఇది మాత్రం వద్దు."

"ఛీ, లే అమ్మా, లే! ఏంటమ్మా ఇది!" పిల్ల అదిరిపడి కాళ్ళు వెనక్కి లాక్కోబోయి పడబోయింది. వంగి తల్లి చేతులు విడదీసింది. విడదీసి తనూ ఏడ్చింది, వెక్కి వెక్కి ఏడ్చింది. "రేపటి నించి అమ్మా. నిజంగా. రేపటి నించి చూడు." ఇద్దరూ పట్టుకుని ఏడుస్తుంటే అవతల అత్తగారు, "ఏం మాడుతోందక్కడ?" అని అడిగింది.

ఆ రేపు వచ్చింది. పిల్ల పొద్దెక్కినా లేవలేదు. తట్టి లేపితే కళ్ళు ఎర్రగా, చేతులు వణుకుతూ, లేచి కూచుని బకెట్లో కక్కింది. ఎక్కడ దొరికిందో, ఎప్పుడు వెళ్ళి తెచ్చుకుందో, మంచం కింద చపటా సీసా దొర్లుతోంది. పిల్ల ఏదని అడిగిన అత్తగారికి ఆమె, "జ్వరం," అని చెప్పింది. కౌంటరు దగ్గర ఎవరో అడిగితే వాళ్ళకీ, "జ్వరమండీ, తగ్గుతుంది," అంది. ఆ మాట నాలుక మీదకి ఎంత నున్నగా వచ్చిందో!

*

ఆమె ఎరిగినవాళ్ళలో తాగి మానేసినవాడు ఒక్కడే. అతని గదికి బయల్దేరింది. క్షమించమని అడగడానికే అయితే ముందే వెళ్ళేది. ఆ ముక్క కూడా అనాలనే ఉంది గాని, ఆమె అడగబోయేది వేరు. ఎలా మానేశావు అని అడగాలి. ఏదో మందు ఉండి ఉంటుంది, ఏదో మాట ఉండి ఉంటుంది, లేకపోతే అంత తాగేవాడు ఎలా మానతాడు? అది తెలిస్తే చాలు. చేతిలో బన్నుల పొట్లం ఉంది. సగం దారిలో అది తీసుకెళ్ళడానికి సిగ్గేసి, పారెయ్యడానికి మనసొప్పక, సంచిలో అడుగున దాచింది.

సైకిళ్ళు బాగుచేసే కొట్టు మీద ఒంటి గది. తలుపు తీసే ఉంది. అతను బనీనుతో మంచం మీద కూచుని ఉన్నాడు. ఎదురుగా స్టూలు మీద సీసా, గ్లాసు. బయట ఇంకా జనం ఆఫీసులకి వెళ్తున్నారు.

"రా చెల్లెమ్మా. కుర్చీ లేదు, మంచం మీదే కూచో."

ఆమె కూచోలేదు. "తాగుతున్నావా అన్నయ్యా?" అంది, కంటికి కనిపిస్తున్నదాన్నే.

"ఎలాగూ పేరొచ్చింది కదా. వట్టి పేరు మోయడమెందుకని." మాట ముద్దగా ఉంది. గోళ్ళ సందుల్లో పిండి ఇంకా పోలేదు.

అప్పుడైనా ఆమె అనాల్సింది అనలేదు. వచ్చిన పనే నోట్లోంచి వచ్చింది. "మా చుట్టాల పిల్ల ఒకత్తి... చిన్న పిల్ల. తాగుతోంది. ఎంత చెప్పినా వినడం లేదు. నువ్వెలా మానేశావో అడుగుదామని..."

"నన్నా?" అతను గ్లాసు వంక చూశాడు, ఆమె వంక చూశాడు. "ఇప్పుడా?" నవ్వు మొదలుపెట్టాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. నవ్వి నవ్వి బనీను కొసతో కళ్ళు తుడుచుకుని, "బొంగరానికి ఎలా ఉంది?" అన్నాడు.

"జ్వరం."

"ఊఁ. జ్వరం." అతను తలూపాడు. "మన కొట్లో టీ పెట్టేది ఎవరు చెల్లెమ్మా?"

బొంగరం. రోజూ మధ్యాహ్నం అందరికీ టీ పెట్టేది బొంగరమే. ఆమె మంచం అంచు పట్టుకుంది. "నీకు తెలుసా?"

"డికాషన్ అని నువ్వన్నప్పుడే. పిల్ల వంక చూశాను. పిల్లా నా వంక చూసింది. నోరు తెరుస్తుందేమో అని ఆగాను. రొట్టెలన్నీ తీసేదాకా ఆగాను." గ్లాసు ఎత్తాడు. "ఇంకెంతసేపని ఆగను?"

"నువ్వు చెప్పొచ్చు కదా!"

"నేను చెబితే నువ్వు నమ్మేదానివా?"

ఆ మనిషి అన్నేళ్ళు కాపాడుకున్నదాన్ని తను ఒక్క పూటలో, నలుగురి ముందు, తీసి అవతల పారేసింది. తన పిల్లని బతికించుకోవడానికి ఎవరి దగ్గరికి రావాలో ఆ ఒక్క మనిషినీ తనే చంపుకుంది. "అన్నయ్యా" అని మాత్రం అనగలిగింది. అతను గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

కొట్టుకి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. బొంగరం వంటగదిలో బల్లకి తల ఆనించి కూచుని ఉంది. నానమ్మ కేకలేస్తే లేచి ఏప్రన్ కట్టుకుంది గాని పని ముట్టుకోలేదు.

"అన్నయ్య తాగుతున్నాడు," అంది తల్లి.

పిల్ల తలెత్తింది. "ఎవరు? మావయ్యా?"

"పొద్దున్నే. తలుపు తీసుకుని కూచుని తాగుతున్నాడు. నన్ను చూసి నవ్వాడు."

తిట్టినప్పుడు, కొట్టినప్పుడు, కాళ్ళు పట్టుకున్నప్పుడు కూడా పిల్ల మొహంలో ఎక్కడో ఒక మూల, సర్లే ఇది కాసేపట్లో అయిపోతుంది అన్నట్టు ఉండేది. అది ఇప్పుడు లేదు. పిల్ల మొహం పాలిపోయింది. "మావయ్య తాగడమ్మా," అంది. "నువ్వు సరిగ్గా చూడలేదు." బొంగరం లేచింది. పిండి మరకల ఏప్రన్‌తోనే, కొట్లోంచే బయల్దేరింది.

"జ్వరంతో ఎక్కడికే?" అంది నానమ్మ. కౌంటరు ముందు పాలు పోసే ఆయన, ఇద్దరు ఆడవాళ్ళు, వాళ్ళ వెనక ఇంకెవరో ఉన్నారు. రొట్టె మాడిందని ఒకావిడ చూపిస్తోంది. ఆ తాగుబోతుని తీసేశాక కొన్నాళ్ళు ఇలాగే ఉంటుందిలెండి, తీసెయ్యడం మాత్రం మంచి పని అని పాలాయన సర్దిచెబుతున్నాడు.

బొంగరం ఆగింది. "జ్వరం కాదు నానమ్మా. రమ్ము తాగింది నేను. మావయ్య కాదు."

అత్తగారు ముందు తేరుకుంది. గల్లాపెట్టె మూత టప్పున వేసి, అందరి వంకా చూసి నవ్వు తెచ్చుకుంది. "మా పిల్లకి వేళాకోళం ఎక్కువ. జ్వరంలో కూడా తగ్గదు, చూశారా!"

ఆ నవ్వులో అందరూ కలవడానికి సిద్ధంగా ఉన్నారు. పాలాయన అప్పుడే పళ్ళు బయటపెట్టాడు కూడా. వంటగది గుమ్మంలో నిలబడ్డ తల్లి వంక చూశాడు, నువ్వూ నవ్వెయ్యమ్మా, అయిపోతుంది అన్నట్టు. ఆమె నవ్వితే నిజంగానే అయిపోయేది. పిల్ల పరువు పిల్లకి ఉండేది. కొట్టు కొట్టుగా ఉండేది.

"వేళాకోళం కాదత్తయ్యా," అంది ఆమె. "నిజమే. నేను అన్నయ్యని అన్యాయంగా వెళ్ళగొట్టాను. మీ అందరి ముందే వెళ్ళగొట్టాను కాబట్టి మీ అందరికీ చెబుతున్నాను."

అత్తగారు రెండు చేతులతో నోరు మూసుకుంది. తల్లి కౌంటరు పలక ఎత్తి బయటికొచ్చి, అప్పటికే మెట్లు దిగుతున్న కూతురి వెనక నడిచింది.

బొంగరం గదిలోకి వెళ్ళింది. తల్లి గుమ్మం దగ్గరే ఆగింది. లోపలికి వెళ్ళడానికి మొహం చెల్లలేదు. అతను మళ్ళీ లేచి కూచున్నాడు. సీసాలో ఇందాకటి కంటే తగ్గింది.

"ఓహో, బొంగరం! రా, కూచో. నీకూ కొంచెం పొయ్యనా? ఇది అసలుది. డికాషన్ కాదు."

పిల్ల కళ్ళు గ్లాసు మీదకి వెళ్ళాయి, వెళ్ళి అక్కడే ఉండిపోయాయి. గొంతు కదలడం గుమ్మంలోంచి కూడా కనిపించింది. కట్టు కట్టిన చెయ్యి ఇంకో చేత్తో గట్టిగా పట్టుకుంది.

"నేనే మావయ్యా," అంది. "కొట్లో చెప్పేశాను. అందరికీ. నువ్వు తాగకు."

"చెప్పావా? మంచిది. చెబితే నేనెందుకు తాగకూడదు?"

"చచ్చిపోతావు."

"చావనులే. నాకేం దిగులుందనుకున్నావా? ఏం లేదు. ఇవాళ్టికి ఇది ఉంది కదా, దీన్ని అవగొట్టి, రేపటి నించి మానేస్తా."

"రేపు మానవు."

"నీకెలా తెలుసే?"

"నాకు తెలుసు." పిల్ల గొంతు చిన్నదైపోయింది. "అన్నప్పుడు నిజంగానే అంటాం. నేను అమ్మకి ఎన్నిసార్లు అన్నానో. ఒక్కసారి కూడా అబద్ధం చెబుదామని అనలేదు. పొద్దున్న లేస్తే చేతులు ఆగవు. కావాలంటే మానేస్తానని అందరికీ చెప్పుకుంటున్నా. నా వల్ల కావట్లేదు మావయ్యా. నాకు భయమేస్తోంది." నేల మీద కూలబడి మంచం కోడుకి తల ఆనించింది. "అమ్మకి నువ్వే చెప్పు."

అమ్మ నాలుగడుగుల దూరంలో నిలబడి ఉంది. పిల్లకి అది తెలుసు.

అతను ఎత్తిన గ్లాసు స్టూలు మీద పెట్టాడు. పెట్టేటప్పుడు కొంత ఒలికింది. గుమ్మం వైపు చూశాడు. "విన్నావా చెల్లెమ్మా?"

"విన్నాను."

ఆమె లోపలికి వచ్చి కూతురి పక్కన నేల మీద కూచుంది. ఒట్టు అడగలేదు. మానేస్తానని చెప్పమని అడగలేదు. ఇన్నాళ్ళూ అడిగిందంతా అదే. పిల్ల చేతులు వణుకుతున్నాయి. అవి తన ఒళ్ళోకి తీసుకుని పట్టుకుంది. వణుకు ఆగలేదు, పట్టుకునే ఉంది.

"మానేసినప్పుడు నేను ఆస్పత్రిలో చేరాను," అన్నాడతను. "నీకు చెప్పలేదు. చెబితే పని ఇవ్వవని. ఊరెళ్ళానని చెప్పాను."

"అక్కడ తాళం వేస్తారా మావయ్యా?" అంది బొంగరం, తలెత్తకుండానే.

"వెయ్యరు. వాంతులవుతాయి, నిద్ర పట్టదు, అరుస్తావు. పక్కన ఎవరో ఒకరు కూచుంటారు."

"నువ్వూ వస్తావా?"

అతను సీసా వంక చూశాడు. చాలాసేపు చూశాడు. కింద కొట్లో ఎవరో చక్రం తిప్పి చూస్తున్నారు, అది తిరిగి తిరిగి ఆగింది. లేవబోయి, కాళ్ళు నిలవక, మళ్ళీ మంచం మీద పడ్డాడు.

"చెల్లెమ్మా, ఆ తలుపు వెనక నా చొక్కా ఉండాలి, చూడు," అన్నాడు. "నా అంతట నేను తొడుక్కోలేను."